మంచు పడని కుర్చీ

"నమ్రతావాళ్ళింటికి ఎవరో చుట్టాలొచ్చినట్టున్నారు, గరాజ్‌లో ఓ పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు" అని లక్ష్మీకాంతం అందట. ఎదురింటి మనిషయ్యుండీ ఆ మాట నమ్రతతో అనలేదు, రష్మితో అంది. రష్మి దాన్ని కడుపులో పెట్టుకోలేక, ఇండియన్ స్టోర్లో కొత్తిమీర కట్టలు తిరగేస్తూ నమ్రత చెవిన వేసింది.

"'వాళ్ళు శనివారం షార్లెట్ వెళ్ళారు ఆంటీ, ఇంటికి తాళమేసుంది కదా' అన్నాను. అయినా ఆవిడ వింటేగా! గరాజ్ తలుపు సగం లేచి ఉందట. కాళ్ళు రెండూ కింద పెట్టి, చేతులు మోకాళ్ళ మీద ఆనించుకుని, పెళ్ళిలో ఫొటోకి కూర్చున్నట్టు కూర్చున్నాడట. చెయ్యూపితే ఉలుకూ లేదు పలుకూ లేదట. నమ్రతా, నిజం చెప్పు, మీ మామగారు గాని..."

"ఆంటీకి కళ్ళజోడు మార్చే టైమొచ్చింది" అని నవ్వేసింది నమ్రత. నవ్వింది గానీ, బిల్లు కట్టేటప్పుడు కార్డు తిరగేసి పెట్టి రెండుసార్లు చీవాట్లు తింది మిషన్ చేత.

ఎందుకంటే ఆ కుర్చీ ఆవిడకి తెలుసు. మామగారు బ్రహ్మయ్య ఈ క్యారీ ఊరు వచ్చిన నాటినుంచీ దానిదే రాజ్యం. అమెరికా ఇళ్ళకి అరుగులుండవని తెలిసి ఆయన పొద్దున్నే గరాజ్ తలుపెత్తించి, మడతకుర్చీ వేయించుకుని, చలైతే మంకీ టోపీ దిగలాగి, వీధిలో పోయే కుక్కల్నీ వాటి యజమానుల్నీ సమానంగా పలకరించేవాడు. కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని బాసింపట్టు వేసుకునేవాడు. కింద పెట్టడం ఆయనకి చేతనయ్యేది కాదు. పోయిన మాఘమాసంలో జ్వరమొచ్చి, దగ్గొచ్చి, ఆస్పత్రిలోనే వెళ్ళిపోయాడు. కుర్చీ మాత్రం గరాజ్‌లో వేసింది వేసినట్టే ఉండిపోయింది.

అస్థికలు రాగిచెంబులో పోసి, మూతికి తెల్లగుడ్డ కట్టి ఇచ్చారు. వాటిని ఇంట్లోకి తేకూడదు. ఊళ్ళోనైతే ఏ చెట్టు కొమ్మకో కట్టేవాళ్ళు. ఇక్కడ చెట్టుకు కడితే కాలనీ సంఘం హెచ్‌ఓఏ వాళ్ళు నోటీసు పంపుతారు. కాబట్టి గరాజ్‌లోనే, పెయింటు డబ్బాల పక్కన ఉన్న చిన్న అలమారలో పెట్టారు.

అక్కడ ఆగిపోయింది. కృష్ణలో కలపాలి, కొడుకే కలపాలి. ఆ కొడుకు శ్రీధర్ హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నాడు. ఫ్రిస్కోలో ఉన్న కూతురు సిటిజన్ కావడంతో ముసలివాళ్ళిద్దరికీ గ్రీన్‌కార్డులొచ్చాయి గానీ వీడికి రాలేదు. ఇండియా వెళితే తిరిగొచ్చేందుకు వీసా స్టాంపింగ్ దగ్గర ఇరుక్కుంటానేమోనని భయం. ఇరుక్కుంటే ఉద్యోగం, ఇల్లు, పిల్ల బడి, అన్నీ గాల్లో. వేసవికి వెళదాం అన్నాడు, దసరాకి అన్నాడు. సాయంత్రం ఆఫీసు కాల్స్ అయ్యాక గరాజ్‌లోకి వెళ్ళి అలమార ముందు నిలబడి, ఆ రోజు సంగతులన్నీ చెంబుతో చెప్పుకోవడం మాత్రం అలవాటు చేసుకున్నాడు. నమ్రత అక్కడ దీపం పెట్టేది. ఏడేళ్ళ దేదీప్య బడికెళ్తూ "బై తాతా, వెళ్ళొస్తా" అని అరిచేది.

అత్తగారు రాజేశ్వరమ్మ ఒక్కతే గరాజ్ వైపు చూసేది కాదు. పైగా సాయంత్రమయ్యేసరికి, "ఆ తలుపు దించండర్రా" అని సణుగుడు. ఎంత రాతిగుండె కాకపోతే కట్టుకున్నవాడి చెంబుకి ఒక్క పువ్వయినా పెట్టదు అనుకునేది నమ్రత.

నమ్రతకి కావలసింది ఒకటే. ఆ చెంబు నీళ్ళలో కలవాలి, మాఘం రాకముందే కలవాలి. సంవత్సరీకం నాటికీ అది అలమారలోనే ఉంటే ఆ మనిషికి మోక్షమూ లేదు, తన ఇంటికి నిద్రా లేదు. కుర్చీలో మామగారు కూర్చుంటున్నాడంటే అడుగుతున్నాడన్నమాటే గదా!

అందుకని థ్యాంక్స్‌గివింగ్‌కి బూన్ దగ్గర కొండల్లో క్యాబిన్ బుక్ చేసింది. ఏటిసూతకంలో పండగేమిటని అత్తగారు అంటుందేమోనని ముందే మాట సిద్ధం చేసుకుంది.

"ఇది మన పంచాంగంలో లేని పండగ అత్తయ్యా. సూతకం దీనికి వర్తించదు. పిల్లకి దసరా లేదు, దీపావళి లేదు, ముఖం వేలాడేసుకుని ఉంది."

"పదండి. నేను కాదన్నానా!" అంది రాజేశ్వరమ్మ. "కోడిని తెచ్చి దానికి వేరే పేరు పెట్టుకుని తినడానికి పంచాంగం ఎందుకు!"

ప్రయాణం రోజు పొద్దున అందరూ కాఫీలు తాగుతుంటే నమ్రత గరాజ్‌లోకి వెళ్ళి, చెంబుని తువ్వాల్లో చుట్టి, వ్యాన్ వెనక స్టెప్నీ గుంటలో దాచి, పైన మంచుబూట్ల సంచీ పెట్టింది. ఆ కొండల్లో ఒక నది ఉంది. ఏ నీళ్ళయినా చివరికి సముద్రంలోకేగా! అక్కడిదాకా తీసుకెళ్ళి ఎదురుగా పెడితే శ్రీధర్ కాదనలేడని ఆవిడ లెక్క.

బయల్దేరేటప్పుడు దేదీప్య గరాజ్‌లో తాత కుర్చీ ముందు నిలబడి, "తాతా, నువ్వు కూడా రా. స్నో చూద్దాం" అంది.

పులిహోర డబ్బా పట్టుకుని వస్తున్న రాజేశ్వరమ్మ గుమ్మంలో ఆగిపోయింది. "ఎవర్నే పిలుస్తున్నావ్?"

"తాతని."

"ఇంకెప్పుడూ పిలవకు. కారెక్కు."

హైవే ఎక్కగానే వ్యాన్‌లో టింగ్ టింగ్‌మని మోగడం మొదలైంది. అద్దం పక్కన ఎర్రబొమ్మ. వెనక వరసలో ఎవరో బెల్టు పెట్టుకోలేదని దానర్థం.

"వెనక సీట్లో బరువేదైనా పెట్టారా?" అన్నాడు శ్రీధర్.

వెనక వరస మొత్తం ఖాళీ. ఒక దుప్పటి కూడా లేదు. పాటలు పెద్దగా పెట్టాడు. పాటల వెనక అది మోగుతూనే ఉంది. గ్యాస్ స్టేషన్‌లో ఆగినప్పుడు నమ్రత వెనక్కి వెళ్ళి, ఖాళీ సీటుకి బెల్టు లాగి క్లిక్‌మనిపించింది. మోత ఆగిపోయింది. "జాగ్రత్తగా కూర్చోండి మామయ్యగారూ" అంది లోలోపల. భయమేసింది గానీ, దాని అడుగున చిన్న తృప్తి కూడా. వస్తున్నాడు. తన నీళ్ళ దగ్గరికి తానే వస్తున్నాడు.

తల తిప్పి చూస్తే అత్తగారు తననే చూస్తోంది. మనవరాలి జాకెట్ పట్టుకుని తన పక్కకి లాక్కుంది.

ఆ రాత్రి మంచు పడింది. తెల్లారి పరదా తీసిన దేదీప్య పెట్టిన కేకకి శ్రీధర్ పళ్ళు తోముకుంటున్నవాడల్లా బ్రష్‌తోనే పరిగెత్తుకొచ్చాడు. చెట్లు, కారు, చెక్క వసారాలాంటి డెక్ మీది కటకటాలు, అన్నిటి మీదా బియ్యప్పిండి పోసినట్టుంది. డెక్ మీద వరసగా కర్ర కుర్చీలున్నాయి. ఒక్కొక్కదాని మీదా జానెడు మంచు. చివరి కుర్చీ మీద మాత్రం ఒక్క మంచు పలుకు లేదు. చెక్క పొడిగా, నున్నగా, ఎండలో పెట్టినట్టు ఉంది. దాని ముందు నేల మీద కూడా రెండు పాదాలంత మేర మంచు పడలేదు.

"చూరు అడ్డమై ఉంటుంది" అన్నాడు శ్రీధర్.

నమ్రత తలెత్తి చూసింది. చూరు అక్కడిదాకా రాదు. ఆ మాట మొగుడికి చెప్పలేదు. రాజేశ్వరమ్మ గాజు తలుపు దగ్గర నిలబడి ఆ రెండు పాదాల జాగాని చాలాసేపు చూసింది. తర్వాత పరదా వేసేసి, "ట్యూబులో ఏదో జారుడన్నారుగా, పదండి. ఇక్కడ కూర్చోవద్దు" అంది. ఆవిడ గొంతులో తొందర నమ్రతకి కొత్తగా అనిపించింది.

జారుడు కొండ దగ్గర మాత్రం ఆ పూట పండగే. చీర మీద శ్రీధర్ జాకెట్ వేసుకుని, తలకి శాలువా చుట్టుకుని, రబ్బరు ట్యూబులో రాజేశ్వరమ్మ పీటల మీద పెళ్ళికూతురిలా కూర్చుంది. "నన్ను తోశావంటే నీ తోలు వలుస్తాను రా" అంటుండగానే శ్రీధర్ తోసేశాడు. కొండ కింద దాకా ఆవిడ తిట్లు వినబడ్డాయి. తర్వాత నవ్వు. ఆ నవ్వు ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో.

నమ్రత, దేదీప్య పక్కపక్క ట్యూబుల్లో దిగారు. కింద మంచులో వెల్లకిలా పడి ఆయాసపడుతూ పిల్ల అంది, "అమ్మా, తాత ఇదివరకట్లా నన్ను చిట్టెలుకా అని పిలవట్లే."

నమ్రత ఒంట్లో నవ్వు ఆగిపోయింది. "ఎప్పుడు పిలవలేదమ్మా?"

"ఇప్పుడే. గరాజ్‌లో కూడా. జస్ట్ చూస్తాడు. ఐ థింక్ తాతకి నా పేరు తెలీదు."

చచ్చిపోయినవాళ్ళు మరిచిపోతారేమో అనుకుంది నమ్రత. నీళ్ళు దొరకని ప్రాణం, ఎండి ఎండి మరిచిపోయి ఉంటుంది పాపం. ఇవాళే కలిపెయ్యాలి. భోజనం పెట్టి, దణ్ణం పెట్టి, పంపించెయ్యాలి.

మధ్యాహ్నం క్యాబిన్‌లో బల్ల మీద అన్నీ సర్దింది. స్టోర్లో కాల్చిన టర్కీ, దాని పక్కన పులిహోర, గోంగూర పచ్చడి, క్రాన్‌బెర్రీలతో అత్తగారు చేసిన పప్పు. ప్లేట్లు వేసింది. చివర ఇంకొకటి వేసి, పులిహోర ముందుగా అందులోనే వడ్డించింది.

"అదెవరికి?" అంది రాజేశ్వరమ్మ.

నమ్రత చేతిలోని గరిటె పక్కన పెట్టింది. వెళ్ళి గాజు తలుపు పక్కకి జరిపింది. చలి మొహం మీద కొట్టింది. చివరి కుర్చీ వైపు తిరిగి, కొంగు లేదు గనక స్వెట్టర్ సర్దుకుని, పెద్దవాళ్ళని పిలవాల్సిన తీరులోనే పిలిచింది. "మామయ్యగారూ, వడ్డించాను. లోపలికి దయచేయండి."

"నమ్రతా!" అని అరిచింది అత్తగారు. అప్పటికే ఆలస్యమైంది.

డెక్ మీద కర్ర కిర్రుమంది. గుమ్మం లోపల చెక్కనేల మీద ఒకచోట తడి కనబడింది. ఆ తర్వాత ఇంకొకచోట, ఇంకాస్త లోపల. తలుపు మూసినా చలి బయటికి పోలేదు. బల్ల చివరికి వచ్చి అక్కడే నిలిచిపోయింది. దేదీప్య ఎవరూ చెప్పకుండానే తన కుర్చీ కొంచెం పక్కకి జరుపుకుంది.

"ఏంటిది నమ్రతా?" అన్నాడు శ్రీధర్.

ఇక దాచి లాభం లేదనుకుంది నమ్రత. "చెంబు తెచ్చాను. వ్యాన్‌లో ఉంది. తినగానే నదికి వెళదాం. నువ్వు ఇండియా వెళ్ళేదాకా ఆయన ఆగలేరు శ్రీ. చూస్తున్నావుగా, మన వెనకే వచ్చేశారు."

శ్రీధర్ లేచాడు, అరుద్దామనుకున్నాడు, అరవలేక మళ్ళీ కూలబడ్డాడు. "నేను చేతగాని కొడుకుని నాన్నా" అని ఖాళీ కుర్చీతో అంటూ ఏడ్చేశాడు. "కృష్ణకి తీసుకెళ్తానన్నాను. తీసుకెళ్ళలేకపోయాను. క్షమించు."

"దాంతో మాట్లాడకు!"

రాజేశ్వరమ్మ మనవరాల్ని కుర్చీలోంచి లేపి తన ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

"చెంబులో మీ నాన్న లేడు. ఆషాఢంలోనే కలిపేశాను. లక్ష్మీకాంతం కార్లో మన ఊరి దగ్గరి చెరువుకి, జోర్డాన్ లేక్‌కి తీసుకెళ్ళింది. ఎవరికీ చెప్పనని ఒట్టేసింది, ఆ మాట మాత్రం నిలబెట్టుకుంది మహాతల్లి. నడుంలోతు నీళ్ళలో నిలబడి, వెళ్ళిరా మావా అన్నాను. సుబ్బరంగా వెళ్ళిపోయాడు. ఆ రోజే నా గుండె తేలికైంది. నువ్వు చెంబు పట్టుకుని ఏడుస్తుంటే కాదనలేక, మన పెరట్లో బొగ్గుల మీద కాల్చే గ్రిల్‌లోని బూడిద అందులో పోసి గుడ్డ కట్టి పెట్టాను. అదీ నేను చేసిన పని."

నమ్రతకి రష్మి మాటలు గుర్తొచ్చాయి. లక్ష్మీకాంతం "మీ మామగారు" అనలేదు. ఆ మాట రష్మిది. ఏళ్ళ తరబడి రోజూ బ్రహ్మయ్యతో వీధికడ్డంగా కబుర్లాడిన మనిషి, "ఓ పెద్దాయన" అంది.

బల్ల చివర ప్లేటులో పులిహోర మీద ఆవిరి ఆగిపోయింది. వాళ్ళ ప్లేట్లలో ఇంకా వస్తోంది. కుర్చీ కింద, నేల మీద, రెండు పాదాలంత మేర తడి పక్కపక్కనే ఉంది.

"మరి... ఈయన?" అన్నాడు శ్రీధర్.

"మీ నాన్న ఏనాడైనా కాళ్ళు కింద పెట్టి కూర్చున్నాడట్రా?" అంది రాజేశ్వరమ్మ. "నన్నడుగుతావేం? కబుర్లు చెప్పింది నువ్వు. దీపం పెట్టి, తలుపు తీసి, అన్నానికి పిలిచింది నీ పెళ్ళాం. ఎవర్ని పిలిచారో మీరే చెప్పండి."