నాన్న గడి ఖాళీగా ఉంది

టార్చిలైటు నోట్లో కరచుకుని, తల సింకు కిందకి దూర్చి, ప్లంబరు నట్టు విప్పుతున్నాడు. కాళ్ళు రెండూ వంటగది మధ్యకి బార్లా చాపుకుని ఉన్నాయి. ఆ ఇంటావిడ వాటిని దాటుకుంటూ పొయ్యికీ గట్టుకీ మధ్య తిరుగుతోంది. ఆవిడ ఏమడిగినా ఆయన "ఊఁ" అంటున్నాడు. నోట్లో టార్చిలైటు లేకపోయినా అంతకంటే ఎక్కువ అనేవాడు కాదు.

ముప్పై ఏళ్ళుగా ఏ ఇంటికెళ్ళినా ఆయన చెప్పేది ఒక్కటే మాట, "వాషరు పోయింది" అని. కుళాయి కారినా అదే, గోడ చెమ్మగిల్లినా అదే. అందుకని ఆ పేటంతా ఆయన్ని వాషరయ్య అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద మాత్రమే మిగిలింది.

"ఇంతకీ అమ్మాయిని ఎందులో చేరుస్తున్నారు?" అంది ఆవిడ, ఆయన మోకాలు దాటుతూ.

"ఊఁ" అన్నాడు వాషరయ్య.

ఆయన కూతురికి బిజినెస్ డిగ్రీ చదవడానికి రెండు యూనివర్సిటీల్లో సీటొచ్చింది. ఒకటి ఉన్న ఊళ్ళోనే, బస్సెక్కితే ఇరవై నిమిషాలు. రెండోది పన్నెండు గంటల ప్రయాణం. ఏదో ఒకటి ఆ సాయంత్రం ఐదింటిలోగా ఖాయం చెయ్యాలి, దాటితే రెండూ పోతాయి. దూరంది అనుకుంటే మర్నాడు పొద్దున్నే అక్కడికెళ్ళి చేరాలి. ఈ సంగతి మీద పేటలో ప్రతి గడపకీ ఒక అభిప్రాయం ఉంది. ఆయన భార్య, పిల్ల కళ్ళ ముందుంటుందని దగ్గరదే అంది. బావమరిది దూరంది అన్నాడు. ఎందుకంటే వాళ్ళు పంపిన పుస్తకం అట్ట మీద భవనం బాగుందన్నాడు.

పిల్ల మాత్రం ఎవరి మాటా చెవిన వేసుకోకుండా కాగితం మీద రెండు నిలువు గళ్ళు, ముప్పై అడ్డు వరుసలు గీసింది. మాస్టర్లు, లైబ్రరీ, హాస్టలు, చదివాక ఉద్యోగాలు, ఇలా ఒక్కోదానికీ ఇటూ అటూ మార్కులు వేసుకుంటూ పోయింది. చివరికి కూడితే చెరో నూట పన్నెండు వచ్చాయి. రెండుసార్లు కూడింది, తేడా రాలేదు. అప్పుడు అడుగున ముప్పై ఒకటో వరుస గీసి "నాన్న అభిప్రాయం" అని రాసి, తండ్రి ముందు పెట్టింది. నువ్వు ఎటంటే అటు, అంది. అది జరిగి మూడు రోజులైంది. గడి ఇంకా ఖాళీగానే ఉంది.

చెప్పడానికి లేక కాదు. రెండు చోట్లకీ తల్లిదండ్రుల్ని రమ్మన్న రోజున ఆయన వెళ్ళొచ్చాడు. దగ్గరదాన్లో అద్దాల హాలు, మెత్తటి కుర్చీలు. ఒక పెద్దమనిషి నిర్వహణ అంటే ఏమిటో గంటసేపు చెప్పాడు. మధ్యలో వాషరయ్య చేతులు కడుక్కోవడానికి లేచాడు. బేసిను కింద పైపు అతుకుకి గుడ్డ కట్టి ఉంది, దాని కింద బకెట్టు. గుడ్డ రంగు చూస్తే కట్టి మూడేళ్ళయి ఉంటుంది. ముడి మాత్రం గట్టిగానే వేశారు. ఆయన మళ్ళీ హాల్లోకొచ్చి కూర్చున్నాడు గానీ ఆ తర్వాత ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

దూరందాన్లో అసలు హాలు దాకానే వెళ్ళలేదు. దారిలో మరుగుదొడ్డికి వెళ్ళి, ఉండబట్టలేక ఫ్లష్ తొట్టి మూత తీసి చూస్తుంటే అక్కడి ముసలి ప్లంబరు పట్టుకున్నాడు. దొంగనుకుని కేకలేశాడు. చేతుల మీది పాత గాట్లు చూశాక చల్లబడి, తనతోపాటు మోటారు గదికి తీసుకుపోయాడు. అక్కడ గొట్టాలు మన తాతల కాలంవి. కానీ ప్రతి వాల్వుకీ ఒక చీటీ వేలాడుతోంది, ఎప్పుడు విప్పారో ఎవరు బిగించారో తారీఖుతో సహా. ఇద్దరూ కలిసి, రెండు గొట్టాల్ని కలిపే ఒక పాత కప్లింగు మార్చేసరికి మీటింగైపోయింది. అంత దూరం పంపిస్తే మోటారు బాగుచేసి వచ్చారా అని ఆయన భార్య రెండు రోజులు ముఖం మాడ్చుకుంది.

అంచేత దూరందే మంచిదని ఆయనకి తెలుసు. తెలిసే, పొద్దుట్నుంచీ "దగ్గరదే మేలమ్మా" అన్న మాటని నోట్లో సర్దుకుంటున్నాడు. ఆయనకొచ్చే ఫోన్లన్నీ ఎత్తేది ఆ పిల్లే. ఎవరింట్లో నీళ్ళు గదుల్లోకొస్తున్నాయో ముందు వాళ్ళకి, ఎవరింట్లో బొట్టు బొట్టు కారుతోందో తర్వాత వాళ్ళకి టైము ఇస్తుంది. అబద్ధం చెప్పేవాళ్ళని ఫోటో పంపమంటుంది. రాత్రి అన్నాల దగ్గర ఆ ఫోన్ల కబుర్లన్నీ గొంతు మార్చి మార్చి చెబుతుంది. ఆ ఇంట్లో మాటలన్నీ ఆమెవే. ఆయనవి "ఊఁ"లు.

సింకు పనయ్యాక రెండో ఇంటికెళ్ళాడు. అక్కడో రిటైరైన తాతగారు కొత్తగా గీజరు పెట్టించుకుంటున్నాడు. పైపులు కోసి, అతికించి, బిగిస్తున్నంతసేపూ వాషరయ్య లోలోపల ఆ మాటే వల్లె వేసుకున్నాడు. "దగ్గరదే మేలమ్మా. దగ్గరదే." తాతగారు ఆయన పెదవులు కదలడం చూసి, జపమనుకుని, అడ్డు రాకుండా పక్క గదిలోకి వెళ్ళాడు.

నాలుగున్నర దాటాక మూడో ఇంటి డాబా మీద ట్యాంకు పక్కన ఉండగా ఫోను మోగింది.

"నాన్నా, గీజరు తాతగారు ఫోన్ చేశారు. ఫ్లష్ తొట్టిలోంచి ఆవిరొస్తోందట."

వాషరయ్య పానా కింద పెట్టాడు.

"స్నానానికి మాత్రం చన్నీళ్ళే వస్తున్నాయట."

"వాషరు..." అనబోయి ఊరుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన వేణ్ణీళ్ళ గొట్టాన్నీ చన్నీళ్ళ గొట్టాన్నీ తారుమారు చెయ్యడం ఇదే మొదలు.

"ఐదున్నరకల్లా వస్తావని చెప్పాను. అప్పటిదాకా ఆ మీట నొక్కద్దన్నాను." నవ్వు ఆపుకుంటోందని గొంతులో తెలుస్తోంది. తర్వాత ఆ నవ్వు పోయింది. "ఇంక పావుగంటే ఉంది నాన్నా. ఎటు?"

"దగ్గర..."

"దగ్గరదా?"

ఆయన ట్యాంకు మీద చెయ్యి ఆనించాడు. మాట నోటిదాకా వచ్చింది. "దగ్గరదాన్లో పైపుకి గుడ్డ కట్టారమ్మా" అన్నాడు.

"గుడ్డా?"

"మూడేళ్ళ కిందటి గుడ్డ. కింద బకెట్టు."

"మరి దూరందాన్లో?"

"వాల్వు వాల్వుకీ చీటీ ఉంది. ఎవరు బిగించారో రాసి ఉంది."

"నీకు నేనిక్కడే ఉండాలనుంది కదా" అంది.

"దానికి గడి లేదుగా" అన్నాడు వాషరయ్య.

ఆమె రోజూ ఇళ్ళ నంబర్లు చెప్పే గొంతుతోనే, "సరే నాన్నా. తాతగారిల్లు మర్చిపోకు. బస్సు ఆరున్నరకి" అని పెట్టేసింది.

తాతగారింట్లో తప్పు దిద్దడానికి ఇరవై నిమిషాలు పట్టింది. వెళ్ళేటప్పుడు తాతగారు, ఆ వేడినీళ్ళ ఏర్పాటు చలికాలానికి అంత చెడ్డదేం కాదయ్యా, అని ఓదార్చాడు.

బస్టాండుకి బురద కాళ్ళతోనే చేరాడు. పిల్లని దిగబెట్టడానికి తల్లి కూడా వెళుతోంది. కిటికీలోంచి పిల్ల ఫోను సంగతులన్నీ అప్పజెప్పింది, ఎవరికి ముందో, ఎవరికి తర్వాతో, ఎవర్ని నమ్మకూడదో. "ఎవరైనా చేస్తే ఊఁ అనకు. ఎప్పుడొస్తావో చెప్పు" అంది.

"ఊఁ" అన్నాడు.

తల్లీ కూతుళ్ళిద్దరూ నవ్వారు. ఆ నవ్వులోనే బస్సు కదిలిపోయింది.

ఇంటికొచ్చి, దీపం వేసి, కాళ్ళు కడుక్కుందామని స్నానాల గదిలోకి వెళ్ళాడు. కుళాయి పిడి మీద చెయ్యి వెయ్యబోయి ఆగిపోయాడు. పిడికి తగిలించి ఉన్నదాన్ని కదపకుండా కుళాయి తిప్పడం ఎలాగా అని, ముప్పై ఏళ్ళ పనివాడు, అలాగే నిలబడ్డాడు. రెండు మెలికలు వేసి, పిల్ల జడకి పెట్టుకునే నల్ల రబ్బరు బ్యాండు, మధ్యలో ఒక పొడుగాటి వెంట్రుకతో, ఇంకా తడిగానే ఉంది.