పొడుగు తోక, పొట్టి తోక

బావ తలుపును కాలితో తన్ని లోపలికి వచ్చాడు. మ్యూజియం వెనక, తేళ్లు పెంచే గదిలో మరదలు ఒక్కతే ఉంది.

"సొంత అక్క పేరే తుడిచేస్తావటే?"

ఆమె చేతిలోని ఫోర్సెప్స్ పక్కన పెట్టింది.

పోయినేడు దాకా ఈ విభాగానికి ఆయనే పెద్ద. తేలును తోక చివర ఎలా పట్టుకోవాలో ఆమెకు నేర్పింది కూడా ఆయనే. భార్య జబ్బు చేసి చనిపోయిన ఏడాది, రాళ్ల సందులో దొరికిన ఒక పొడుగు తోక తేలును కొత్త జాతిగా ప్రకటించి దానికి ఆమె పేరు పెట్టాడు. అక్కకు పిల్లలు లేరు. లోకంలో ఆ పేరు అచ్చులో నిలిచిన చోటు అదొక్కటే.

అవే రాళ్లలో పొట్టి తోక తేలు కూడా ఉంటుంది. దాని పేరు ఎప్పటిదో. మరదలు కడుపుతో ఉన్న పొట్టి తోక తేలునొకదాన్ని పట్టుకొచ్చింది. అది ఈనాక, తల్లి వీపు దిగిన పిల్లలను విడివిడి డబ్బాల్లో పెంచింది. ఆఖరి కుబుసం విడిచేసరికి కొన్ని పొట్టి తోకలతో, కొన్ని పొడుగు తోకలతో తేలాయి. పొట్టివన్నీ ఆడవి. పొడుగువన్నీ మగవి. అంటే రెండు జాతులు కావు, ఒకటే. ఒకే జంతువుకు రెండు పేర్లు పడితే పాతది ఉంటుంది, కొత్తది పోతుంది. ఆ సంగతి వివరంగా రాసి, పత్రికకు పంపేముందు ఒకసారి చూడమని పొద్దున ఆయనకిచ్చింది.

"మీకు చెప్పకుండా పంపడం ఇష్టం లేక ఇచ్చాను బావా."

"తేలుకి పెత్తనమిస్తే తెల్లవార్లూ కుట్టిందట. ఈ గది తాళాలు నీకిచ్చింది నేనే."

"తాళాలిచ్చారు, కళ్లు మూసుకోమనలేదుగా. ఒక్క మగదాన్ని చూసి జాతి కట్టేశారు. దాని పెళ్లాం ఎక్కడుందని వెతికుంటే పక్క రాయి కిందే దొరికేది."

ఆమె చెంప పగిలింది. పెదవి పళ్లకు తగిలి చిట్లి, నోరంతా ఉప్పగా అయింది.

"పెళ్లాం గురించి నువ్వు నాకు చెప్తావా?" అంటూ ఆయన అర మీద చెయ్యి వేసి ఒక్క ఊపున డబ్బాలన్నీ కింద పడేశాడు. మూతలు ఊడాయి. నేలంతా ఇసుక, పెంకుముక్కలు, తేళ్లు. ఆయన బూటు కాలితో తొక్కడం మొదలుపెట్టాడు. గుడ్డు పెంకు నలిగినట్టు చప్పుడు, మళ్లీ మళ్లీ.

"ఆపండి బావా!"

"ఇవి లేకపోతే ఏం చూపించి రుజువు చేస్తావే? చూస్తా!"

ఆమె అడ్డం పడి ఆయన చొక్కా పట్టుకుంది. ఆయన ఆమె చెయ్యి వెనక్కి విరిచాడు. మణికట్టులో ఏదో టక్కుమంది. ఆమె ఎడమచేత్తో ఇనుప స్టూలు అందుకుని ఆయన నుదుటి మీద కొట్టింది. ఆయన కూలబడ్డాడు. రెండోసారి కొట్టాల్సిన పని లేదు. అయినా కొట్టింది.

ఆయన కనుబొమ్మ చీలి, కంట్లోకి నెత్తురు కారుతోంది.

"పోయాయి," అన్నాడాయన రొప్పుతూ. "ఇంకేం చూపిస్తావు?"

"మన బీరువాల్లో సీసాల్లో ఉన్నవేంటి బావా? బతికున్నవా?"

చచ్చిన వాటిని చూసి జాతులు తేల్చడమే ఆయన బతుకంతా చేసిన పని.

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, నలిగినవాటిని ఒక్కొక్కటే తిప్పి చూసి స్పిరిట్ సీసాలో వేసింది. తోకలు ఉన్నాయి. కడుపు కింద ఆడో మగో చెప్పే దువ్వెనల్లాంటి అవయవాలు కూడా చాలావాటికి చెక్కుచెదరలేదు. చాలు.

"పొట్టివే తొక్కారు," అంది. "పొడుగు దాని మీద ఒక్కసారి కూడా కాలు పడలేదు. అంత కోపంలోనూ ఆడా మగా వేరు చేసి పెట్టారు."

"వాటికి మీ అక్క పేరుంది."

పొడుగు తోకలు గోడల వెంట పాకుతున్నాయి. ఒకటి ఆయన నేల మీద ఆనించిన చేతి దగ్గరికి వచ్చింది. ఆయన కదల్లేదు. అది వేళ్ల మీదుగా ఎక్కి, అరచేతి వెనక ఆగింది. ఆయన దాన్నే చూస్తున్నాడు. ఆమె ఫోర్సెప్స్ కోసం వెనక్కి తిరిగేలోపే అది కుట్టింది.

ప్రాణం తీసేంత విషం కాదు. నొప్పి మాత్రం నిప్పు కణికలా భుజం దాకా పాకుతుంది. ఆయన అరుస్తూ రెండో అరచేత్తో దాన్ని గట్టిగా కొట్టాడు. ఒకసారి కాదు, అది పచ్చడయ్యేదాకా. ఆ తర్వాత చెయ్యెత్తి ఏం చంపాడో చూశాడు.

ఆమె దాన్ని ఫోర్సెప్స్‌తో తీసింది. నలిగిన పొట్టి తోకలన్నీ అప్పటికే స్పిరిట్ సీసాలో ఉన్నాయి.

"దాన్ని వేరే సీసాలో వెయ్యవే." అన్నాడాయన. "ఒక్కదాన్నైనా."

"ఒక తల్లి పిల్లలు బావా."

అదే సీసాలో వేసింది. మూత బిగించడానికి కుడి మణికట్టు లొంగలేదు. సీసాను మోకాళ్ల మధ్య ఇరికించుకుని ఎడమచేత్తో తిప్పింది.