తాడు చివర తొంభై ఒక్క కిలోలు

ఎనిమిది మంది ఆడవాళ్ళు ఒకేసారి కాటా ఎక్కడం ఆ గోదాము పుట్టి బుద్ధెరిగాక చూసి ఉండదు. బస్తాలు తూచే ఇనుప పలక మీద ఒకరి నడుం ఒకరు పట్టుకుని, ఒకరి కాలు ఒకరు తొక్కకుండా సర్దుకుని నిలబడ్డారు. వాళ్ళలో ఒకామె, టైలరు, ఊపిరి బిగబట్టడం చూసి తూకం మనిషి, "గాలి బరువు నేను లెక్కెయ్యనమ్మా, వదిలెయ్" అన్నాడు. ముల్లు కాసేపు ఇటూ అటూ ఊగి ఐదు వందల అరవై తొమ్మిది దగ్గర నిలబడింది.

తాడు లాగే పోటీకి ఈ ఏడాది కొత్త నిబంధన పెట్టారు. జట్టులో ఎనిమిది మంది బరువూ కలిపి ఐదు వందల అరవై కిలోలు దాటకూడదు. తొమ్మిది ఎక్కువయ్యాయి. ఏడుగురూ ఎంతో మర్యాదగా గోడ వైపు చూశారు. ఎనిమిదో మనిషికి ఆ మర్యాద తిట్టు కంటే గట్టిగా తగిలింది.

ఆ ఎనిమిదో మనిషిని జట్టులో లంగరు అంటారు. తాడును చంక కిందుగా తీసి, వీపు మీదుగా రెండో భుజం పైకి తెచ్చి, మడమలు నేలలో పాతి, ముందున్న ఏడుగురూ ఊగినా తాను ఊగకుండా ఉండటం ఆమె పని. మిగతా ప్రపంచంలో ఆ ఒంటికి వేరే మర్యాదలు జరిగేవి. బస్సులో పక్క సీటు వాళ్ళు కిటికీకి అతుక్కుపోయేవారు. బట్టల కొట్లో "మీ సైజు తెప్పించాలండీ" అనేవారు. ఫొటో తీసేటప్పుడు వెనక వరుసలోకి, వీలుంటే స్తంభం చాటుకు పంపేవారు. పదకొండేళ్ళ క్రితం బడిలో డ్రిల్లు టీచరు మాత్రం ఆమెను ఎగాదిగా చూసి, "ఇన్నాళ్ళూ ఎక్కడున్నావు తల్లీ!" అంది. నిజానికి ఆ బడికి ఎదురుగా ఉన్న హాస్టలు వంటగదిలోనే, రోజూ రెండు వందల మందికి వండుతూ ఉంది. ఎవరూ పిలవలేదంతే.

ఇప్పుడు జట్టుకు తర్ఫీదునిచ్చే ఆ డ్రిల్లు టీచరే నోరు విప్పింది. "నిన్ను ఆపి, చివర బట్టల కొట్టు అమ్మాయిని నిలబెడితే ఐదొందల ముప్పై తొమ్మిది. లెక్క సరిపోతుంది."

"సరిపోతుంది టీచరుగారూ. కానీ తాడుకి లెక్కలు రావు" అంది లంగరు.

"నాకు మాత్రం రావాలిగా!"

"పోటీకి ఇంకా ఆరు వారాలుంది. తొమ్మిది కిలోలూ నేనే దించుతాను. చివర నేనే ఉంటాను."

"దించితే బలం పోతుందే."

"దించుతానన్నది బరువు. బలం గురించి నేనేమన్నా మాటిచ్చానా?"

టీచరు నవ్వింది గానీ ఒప్పుకోలేదు. ఆరో వారం చివర కాటా ఏం చెబితే అదే తన మాట అంది. జట్టులో అవసరానికి ఉంచిన తొమ్మిదో మనిషి, బట్టల కొట్టు అమ్మాయి, అప్పటిదాకా పక్కన నిలబడి చేతి గోళ్ళు చూసుకుంటూ ఉంది. అరవై ఒక్క కిలోల మనిషి. తాడు చివర నిలబడటమంటే ఆమెకు సరదా లేదు, భయం ఉంది. ఆ మాట పైకి అనడానికి ఇంకా ఎక్కువ భయం.

మర్నాటి నుంచి లంగరు అన్నం మానేసింది. రొట్టె మానేసింది. దుంపలు, తీపి, పాలల్లో చక్కెర అన్నీ మానేసింది. పొద్దున రెండు గుడ్లు, మధ్యాహ్నం ఆకుకూరా చేప ముక్కా, సాయంత్రం మళ్ళీ గుడ్లు. గంపెడు అన్నం వార్చే చేతులకు మెతుకు తగలకుండా బతకడం, కల్లు దుకాణంలో కూర్చుని నోము పట్టినట్టే ఉంది.

ఇంట్లో అత్తగారు కంచంలోకి తొంగి చూసి, "అన్నం మానేసేది జబ్బు మనిషన్నా అయ్యుండాలి, అలిగిన మనిషన్నా అయ్యుండాలి. నువ్వు ఏ రకం?" అని అడిగింది.

"లాగే రకం అత్తయ్యా."

"ఏం లాగుతావో ఏమో! నా వయసులో నేను బావిలోంచి నీళ్ళు లాగాను, సంసారం లాగాను, మీ మామగారిని లాగాను. ఎవడూ కప్పు ఇవ్వలేదు."

భర్త బస్సు డ్రైవరు. మంచివాడు కాబట్టి పెళ్ళాం వదిలిన అన్నం వృథా కాకూడదని ఆమె వాటా కూడా తనే తినడం మొదలుపెట్టాడు. ఆ త్యాగం ఆయన చొక్కా మూడో బొత్తాం దగ్గర పది రోజుల్లోనే కనబడింది.

అసలు త్యాగాలు మైదానంలో జరిగాయి. హాస్టల్లో వంట మనిషికి మధ్యాహ్నం భోజనం ఉద్యోగంలో భాగం. అన్నం, రెండు రొట్టెలు, ఒక కేకు ముక్క. తినకపోయినా వదిలి రావడానికి ఆమెకు చేతులు రాలేదు. డబ్బాలో పెట్టుకుని సాయంత్రం సాధనకు పట్టుకొచ్చేది. "పారేస్తే పాపం, తలా ఇంత తీసుకోండి" అనేది. వాళ్ళకూ అదే అనిపించింది. కడుపు కాల్చుకుంటున్న మనిషి ఎదురుగా తినడం బాగుండదని అందరూ వీపు తిప్పి, కేకు వాసన అటు వైపు పోకుండా గబగబా తినేవారు. డబ్బా సరిపోక టైలరు ఇంటి నుంచి ఇంకో డబ్బా తేవడం మొదలుపెట్టింది. "లంగరక్కను చూస్తే జాలేసి ఆకలేస్తోందే" అనేది నోట్లో ముద్ద పెట్టుకుంటూ.

సాధనకు బడి వెనక ఇనుప స్తంభాలు రెండు పాతి, పైన కప్పీ కట్టి, రాళ్ళు నింపిన పీపాను తాడుకు వేలాడదీశారు. ఎనిమిది మందీ కలిసి దాన్ని పైకి లాగి, టీచరు ఈల వేసేదాకా గాల్లో నిలపాలి. మొదటి వారం లంగరుకు తలనొప్పి. జట్టులో ఆరో స్థానంలో లాగే నర్సు, "ఉప్పు పోతోంది నీ ఒంట్లోంచి. గ్లాసు నీళ్ళలో చిటికెడేసుకుని తాగు" అంది. తాగితే తగ్గింది. రెండో వారం బాగానే గడిచింది. మూడో వారం పీపా కిందికి వచ్చేసింది.

రెండుసార్లు లాగారు, ఏమీ కాలేదు. మూడోసారి పీపా పైకి వెళ్ళి, అరనిమిషం నిలిచి, వణికింది. వణికింది పీపా కాదని, తన తొడలని, అవి తనవి కానట్టు ఉన్నాయని లంగరుకు అర్థమయ్యేలోపే మడమలు జారాయి. తాడు ఏడుగురి చేతుల్లోంచి బుసకొడుతూ పోయింది. పీపా దబ్బుమని పడితే బడి గోడ మీది కాకులన్నీ లేచిపోయాయి.

నర్సు వచ్చి పక్కన కూలబడింది. "ఏం తిన్నావు ఇవాళ?"

"గుడ్లు."

"నిన్న?"

"గుడ్లే. కోడికి కూడా నామీద అనుమానమొచ్చింది."

"వంట మనిషివి, నీకు పొయ్యి సంగతి చెప్పాలా? పొయ్యి భగ్గుమనాలంటే ఏం వేస్తావు?"

"ఎండు పుల్లలు."

"మరి ఒట్టి దుంగ పెడితే?"

"మండుతుంది. మెల్లగా."

"నీ ఒంట్లో కొవ్వు ఆ దుంగే. నడవమంటే రోజంతా నడిపిస్తుంది. కానీ ఇలా ఊపిరి బిగబట్టి ఒక్కసారి లాగాలంటే పుల్లలు కావాలి. పిండి పదార్థం పుల్లలు. నువ్వు ఇంట్లో పుల్లనేది లేకుండా ఊడ్చేశావు. లాగే రోజు, లాగడానికి గంటన్నర ముందు రెండు బంగాళాదుంపలు ఉడకబెట్టుకుని తిను. లాగాక గుప్పెడన్నం తిను. మిగతా పూటలు నీ గుడ్లూ ఆకులూ నువ్వు తిను, ఎవరొద్దన్నారు?"

లంగరు లేచి చీర కుచ్చిళ్ళ మట్టి దులుపుకుంది. "ఇంకా మూడున్నర కిలోలున్నాయి. అవి దిగాక తింటాను దుంపలు."

"అవి దిగేలోపు నువ్వు దిగిపోతావు."

"దిగను" అంది లంగరు. ఇంకో వారం అలాగే లాగింది. పళ్ళ బిగువున నెట్టుకొచ్చింది గానీ, రెండుసార్లు పీపా పడింది. మూడోసారి చివర బట్టల కొట్టు అమ్మాయిని నిలబెట్టి చూశారు. పీపా ఆ అమ్మాయిని స్తంభం దాకా ఈడ్చుకుపోయింది. టీచరు ఈల నోట్లోంచి తీసి జేబులో వేసుకుంది.

నాలుగో వారం చివర మళ్ళీ గోదాముకు వెళ్ళారు. లంగరు ఆరు కిలోలు తగ్గింది. ఇంట్లో తూకంలో మూడుసార్లు చూసుకుంది, అత్తగారి చేత కూడా చదివించింది. ఆరు పోతే ఐదు వందల అరవై మూడు రావాలి. ఎనిమిది మందీ ఎక్కారు. ముల్లు ఊగింది. ఐదు వందల అరవై ఎనిమిది.

"మీ కాటా పాడైంది" అంది టీచరు.

తూకం మనిషి ముఖం గంటు పెట్టుకున్నాడు. "నన్ను తిట్టండి, పడతాను. దీన్ని అనకండి. అబద్ధమాడటం దానికి చేతకాదు. నమ్మకపోతే ఒక్కొక్కరే ఎక్కండి."

ఎక్కారు. లంగరు ఎనభై ఐదు. సరిగ్గా ఆరు తక్కువ. తర్వాత టైలరు ఎక్కింది. కిలోన్నర ఎక్కువ. ఆమె వెనకాల ఇంకొకరు, కిలో ఎక్కువ. నర్సు ముప్పావు కిలో. ఇలా ఒక్కొక్కరూ ఎక్కి దిగారు. ఏడుగురూ కలిసి ఐదు కిలోలు పెరిగారు.

లంగరు నేల మీద ఉన్న ఖాళీ డబ్బా వైపు చూసింది. టైలరు కూడా అదే చూసి, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను నా ఒంట్లోంచి తీసి మీ ఒంట్లో పోశానన్నమాట" అంది లంగరు.

"పారేస్తే పాపమన్నావుగా అక్కా!" అంది టైలరు ఏడుపు గొంతుతో.

ముందుగా నవ్వింది తూకం మనిషి. తర్వాత ఎవరూ ఆపుకోలేకపోయారు. లంగరు మాత్రం నవ్వలేదు. గడిచిన నాలుగు వారాలూ ఆమె కళ్ళ ముందు తిరిగాయి. తలనొప్పులు, వణికే తొడలు, అన్నం గంజి వాసనకు మొహం తిప్పుకున్న మధ్యాహ్నాలు. తను ఒక్కతే మోస్తే చాలనుకుంది. ఎనిమిది మంది కలిసి లాగే తాడని పదకొండేళ్ళుగా తెలిసి కూడా అలా అనుకుంది. పైగా ఆ నర్సు దుంపల మాట చెబితే వినలేదు.

"టీచరుగారూ, రెండు వారాల్లో ఎనిమిది కిలోలు దిగాలి. మేం ఎనిమిది మందిమి. తలా ఒకటి" అంది.

"నీది కూడానా? నువ్వు ఆరు దించావు."

"నాది కూడా ఒకటే. అంతకు మించి నేను దించను. ఇవాళ్టి నుంచి దుంపలు తింటాను."

"మరి తగ్గకపోతే?" అంది టీచరు.

బట్టల కొట్టు అమ్మాయి అప్పుడు, మొట్టమొదటిసారి, గట్టిగా మాట్లాడింది. "తగ్గాలి టీచరుగారూ. నన్ను చివర నిలబెడితే నేను ఇల్లు మారిపోతాను."

ఆ సాయంత్రమే లంగరు రెండు బంగాళాదుంపలు ఉప్పు చల్లుకుని తింది. నాలుగు వారాల తర్వాత నాలుక మీద పిండి తగిలేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉప్పు ఎక్కువైందని అత్తగారితో అబద్ధమాడింది. గంటన్నర తర్వాత తాడు భుజానికెత్తి మడమలు పాతితే తొడలు మళ్ళీ తనవయ్యాయి. మూడుసార్లూ పీపా పైనే ఆగింది. ఇంటికెళ్ళి కొలిచినట్టు గుప్పెడన్నం తిని, "చాలు" అని చెయ్యి కడుక్కుంది. ఆ "చాలు" అనడం పూర్తిగా మానేయడం కంటే కష్టమని ఆ రెండు వారాల్లో ఆమెకు బాగా తెలిసింది. మానేసిన వాళ్ళకు ఒక్కసారే యుద్ధం. గుప్పెడు తినేవాళ్ళకు రోజూ, గుప్పెడు దగ్గర.

డబ్బా హాస్టలు కాపలాదారుకు వెళ్ళిపోయింది. ఆయన ఏ జట్టులోనూ లేడు. టైలరు మిషను పక్కన బిస్కట్ల బదులు దోసకాయ ముక్కలు పెట్టుకుని, కత్తిరించిన ప్రతి గుడ్డ మీదా కోపం తీర్చుకుంది. నర్సు సాయంత్రాలు డ్యూటీ నుంచి నడిచొచ్చింది. ఒకరి కంచంలోకి ఒకరు తొంగి చూసుకుంటూ, ఫోన్లో ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటూ, తిట్టుకుంటూ దించారు.

పోటీ రోజు పొద్దున నిర్వాహకుల కాటా మీద ఐదు వందల యాభై తొమ్మిదిన్నర వచ్చింది. మొదటి పంతానికి ఇంకా రెండు గంటలుంది. ఒక్కో పంతంలో మూడుసార్లు లాగాలి, రెండుసార్లు గెలిచిన జట్టు ముందుకెళ్తుంది. ఎదుటి జట్టు వాళ్ళు గడ్డి మీద ఒళ్ళు సాగదీసుకుంటుంటే వీళ్ళు డబ్బా మూత తీసి దుంపలు తిన్నారు. అటు నుంచి ఒకామె, "ఏంటి, పిక్నిక్కా?" అని వెటకారం చేసింది.

"పొయ్యిలో పుల్లలు పెడుతున్నామమ్మా" అంది లంగరు నమలడం ఆపకుండా.

మొదటిసారి ఓడారు. సాధనలో టీచరు ఈలకు తాడు వదలడం అలవాటై, ఇక్కడి ఈల వినగానే ముందున్నామె చేతులు వదిలేసింది. రెండోసారి గెలిచారు. మూడోసారి తాడు ఎటూ కదల్లేదు. నడిమి గుడ్డ పీలిక తెల్లగీత మీదే నిలబడి, రెండు జట్ల వైపూ చూస్తూ ఉండిపోయింది. నిమిషం. నిమిషమున్నర. లంగరు భుజం మీద తాడు చర్మాన్ని తినేస్తోంది. ముందున్న టైలరు వీపు వణకడం తాడులోంచి తెలుస్తోంది. "కూర్చోకండే!" అని గావుకేక పెట్టి ఒక మడమ ఎత్తి, అరడుగు వెనక పాతింది. తర్వాత రెండోది. మళ్ళీ మొదటిది. అవతలి చివర మనిషి మోకాళ్ళు ముందుకు మడతపడ్డాయి. పీలిక గీత దాటి ఇటు వచ్చేసింది.

అందరూ ఒకరి మీద ఒకరు పడి అరుస్తుంటే లంగరు గడ్డి మీద వెల్లకిలా పడుకుని ఆకాశానికి ఊపిరి పంపుతోంది. టీచరు వచ్చి మీదికి వంగింది. "ఆఖరి పంతం అరగంటలో. నీ మొహం చూస్తే నాకే భయంగా ఉంది. ఈ ఒక్కదానికి ఆ అమ్మాయిని దింపనా?"

ఎక్కడో వెనకాల బట్టల కొట్టు అమ్మాయి బ్యాగు సర్దుకుంటున్న చప్పుడైంది.

లంగరు పడుకునే చెయ్యి చాపింది. "ముందు ఆ అరటిపండు ఇలా పడేయండి టీచరుగారూ."