మగ్గం కింద అద్దం

"సోమవారానికి కొంగు మొదలు పెట్టకపోతే చీర కోసేస్తా, డబ్బా విప్పుకోని పోతా" అని వ్యాపారి ఓబుళేసు చెప్పి వెళ్లాడు. డబ్బా అంటే మగ్గం పైన అతను పెట్టించిన ఎలక్ట్రానిక్ జకార్డ్. డిజైను ప్రకారం పోగుల్ని లేపేది అదే.

ఈరోజు శనివారం. ధర్మవరంలో హేమావతి ఇంట్లో చీర ఐదు గజాలు పూర్తయి ఆగిపోయింది. కొంగు డిజైనును డబ్బాకు తగ్గట్టు మార్చే కంప్యూటరు కాలిపోయింది. డబ్బా చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది.

అక్క కూతురు గౌతమి లాప్‌టాప్‌తో మగ్గం పక్కన కూర్చుంది. పాత డిజైన్ల పెన్‌డ్రైవ్ తగిలించి, కోడు రాసే ఏఐ ఏజెంటుకు పని అప్పగించింది.

"అది మనిషా, పాపా?" అని హేమావతి అడిగింది.

"కాదు చిన్నమ్మా, ప్రోగ్రాము."

"అయితే టీ అడగదు. ఓబుళేసు కంటే మేలే."

గంటలో ఫైళ్ల గుట్టు దొరికింది. డబ్బాలో నాలుగు వందల ఎనభై కొక్కేలు, వరసకు అన్నే బిట్లు. వరస చివర మిగిలిన రెండు బైట్లు తప్పులు సరిచూసేవని మూడో ప్రయత్నంలో తేలింది. తర్వాత ఏజెంటు ఒక ప్రశ్న అడిగింది: నేసేటప్పుడు చీర ముఖం, అంటే కట్టుకుంటే బయటికి కనిపించే వైపు, పైకి ఉంటుందా, కిందికా?

గౌతమి 'పైకి' అని కొట్టింది.

కొత్త ఫైలును డబ్బా ఒప్పుకుంది. ఇరవై వరసలకు జరీలో హంస కాళ్లు మెరిశాయి.

"వచ్చేసినాది చిన్నమ్మా."

"డబ్బా మూలుగుతాండాది" అంటూ హేమావతి అడ్డపోగును అటూ ఇటూ నడిపే నాడె ఆపింది. మగ్గం కింద చిన్న అద్దం పట్టింది. "నువ్వు చూస్తాండేది వీపు. మొగం కింద ఉండాది. ఈడ చూడు."

అద్దంలో కాళ్లుండాల్సిన చోట ఖాళీ. చుట్టూ అంతా జరీ.

"మొగం కిందికి పెట్టి నేస్తారా?"

"అట్లయితేనే లేపాల్సిన పోగులు తక్కువ, డబ్బాకు బరువుండదు. నన్నొక మాట అడగకపోతివే."

"అది అడిగింది. నేనే తెలిసినట్టు చెప్పినా."

"అయితే దాన్నేమీ అనొద్దు."

గౌతమి జవాబు దిద్దింది. లేచే పోగులు దిగేలా, దిగేవి లేచేలా ఏజెంటు బిట్లన్నీ తిరగేసి, కింది ముఖంలో సరిగ్గా పడేలా హంసను కుడి ఎడమలు కూడా తిప్పింది. నిమిషం పని. ఆ ఇరవై వరసలూ విప్పడానికి హేమావతికి సాయంత్రమైంది.

సోమవారం పొద్దున్నే ఓబుళేసు పానా పట్టుకుని వచ్చాడు. హేమావతి అతని చేతికి అద్దం ఇచ్చింది. అతను వంగి మగ్గం కింద చూశాడు. అద్దంలో హంస కాళ్లు జరీలో మెరుస్తున్నాయి.

"కంపెనీవాళ్లు యాడ దొరికినారు?"

"వాళ్లు దొరకలేదప్పా. పక్కకు జరుగు, వెలుతురు రానీ."

ఓబుళేసు పానా సంచిలో వేసుకున్నాడు.