అద్దాల బీరువాలో చెల్లి మాటలు

మా చెల్లికి తొమ్మిదేళ్లు. దానికి మాటలు రావు. అంటే నోటితో రావు. నడుముకి కట్టిన రింగులో మాత్రం ఇరవై మూడు మాటలుంటాయి. కుట్టుపని చేసే మా అమ్మ, చొక్కా కాలర్లలో పెట్టే గట్టి బట్టను చీటీలుగా కత్తిరించి, ఒక్కోదాని మీద ఒక్కో బొమ్మ కుట్టింది. నీళ్ల గ్లాసు, అన్నం కంచం, దుప్పటి... అన్నిటికన్నా ఎక్కువ నలిగిపోయింది బాత్రూం తలుపు బొమ్మ. ఏం కావాలన్నా చెల్లి దాని బొమ్మ మీద వేలు పెడుతుంది. చూపించకుండా లేచి వెళ్లకూడదని నేర్పింది మేమే. బుద్ధిగా నేర్చుకుంది.

బడిలో రెండుసార్లు బట్టలు తడుపుకుంది. రెండుసార్లూ ముందు చీటీ చూపించింది. "తర్వాత ఆడుకుందాంలే" అంది వాళ్ల టీచరు. తప్పు మాత్రం చెల్లి ఖాతాలో పడింది. హెడ్మాస్టారు అమ్మని పిలిపించి, "మూడోసారి జరిగితే ఇంట్లోనే ఉంచుకోండమ్మా. మిగతా తల్లిదండ్రులకి నేను జవాబు చెప్పుకోలేను" అన్నారు. ఇంకో బడి బస్సులో గంటన్నర దూరం. అమ్మ తలూపి వచ్చేసింది.

అలాంటి మా బడికి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి అవగాహన దినం జరపమని పైనుంచి ఉత్తరం వచ్చింది. చూడటానికి జిల్లా ఆఫీసు నుంచి పెద్దసారు కూడా వస్తారట. అలాంటి పిల్ల బడి మొత్తానికి మా చెల్లి ఒక్కతే. ఉన్నట్టుండి అది అందరికీ ముద్దొచ్చేసింది.

ఆ రోజు పొద్దున్నే డ్రాయింగ్ టీచరు చెల్లి నడుం నుంచి రింగు విప్పేసింది.

"అబ్బ, ఎంత బాగున్నాయే! అందరూ చూడాలి ఇవి. ఎగ్జిబిషన్లో పెడదాం."

"టీచర్, అవి దాని..." అన్నాను. నా గొంతు నాకే సగం వినిపించింది.

"ఎక్కడికీ పోవులేవే, తాళం వేస్తాంగా!"

అన్నట్టే వేశారు. హాల్లో వేదిక మీద, వెనక గోడకున్న అద్దాల బీరువాలో, ఆటల పోటీల కప్పుల పైన, చీటీలన్నీ వరసగా పిన్నులతో గుచ్చారు. గోడలకి చెవులుంటాయంటారు. ఆ రోజు మా బడి గోడకి నోరు కూడా వచ్చింది. చెల్లిది తీసి పెట్టారు.

చెల్లిని ముందు వరసలో కూర్చోబెట్టారు. నేను వెనక పెద్దపిల్లల్లో ఉన్నాను. పెద్దసారు మైకు పట్టుకుని చాలాసేపు మాట్లాడారు. "ఈ పిల్లల మౌనాన్ని మనం వినాలి. వాళ్ల భాష మనం నేర్చుకోవాలి" అన్నారు. ఆయన వెనకే బీరువాలో ఆ భాష వేలాడుతోంది. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

అరగంటకి చెల్లి నడుం తడుముకోవడం మొదలుపెట్టింది. ఎడమవైపు, కుడివైపు, మళ్లీ ఎడమవైపు. రింగు లేదు. కాళ్లు మెలివేసుకుంది. ఇదే మూడోసారి అవుతుంది.

చెల్లి లేచి వేదికెక్కింది. ఖాళీగా ఉన్న పెద్దసారు కుర్చీని కర్రుమని ఈడ్చుకుంటూ బీరువా దగ్గరికి తీసుకెళ్లింది. దాని మీదకెక్కి, అద్దం మీద వేలు పెట్టింది.

హాలంతా చప్పట్లు. చప్పట్లంటే దానికి భయం. ఒక చెయ్యి చెవి మీద, ఒక వేలు అద్దం మీద పెట్టి, కాళ్లు తాడులా మెలిపెట్టుకుని నిలబడింది. ఫొటోగ్రాఫరు, "ఇలా చూడు పాపా, నవ్వు!" అంటున్నాడు.

"ఏమంటోందండీ పాప?" అని పెద్దసారు అడిగారు.

"మీ ప్రసంగం బాగుందంటోంది సార్," అంది డ్రాయింగ్ టీచరు.

"మీకు కృతజ్ఞతలు చెబుతోంది సార్," అన్నారు హెడ్మాస్టారు. ఇద్దరూ ఒకే బొమ్మని చదివారు మరి.

ఆ హాల్లో నేను 'ప్రెజెంట్ టీచర్' తప్ప ఇంకో మాట పలికి ఎరగను. ఎలా లేచానో తెలియదు.

"కాదండీ! ఒంటికెళ్లాలంటోంది!"

చప్పట్లు ఆగిపోయాయి. ఎవరో కిసుక్కున నవ్వారు. హెడ్మాస్టారు కంగారుగా, "అటెండరూ! తాళం తీసుకురావయ్యా! ఆ చీటీ తీసి పాపకివ్వండి!" అని అరిచారు. ఎద్దు ఈనిందంటే గాట కట్టెయ్యమన్నట్టు, అటెండరు బీరువా తాళం కోసం పరిగెత్తాడు.

నేను చెల్లిని కుర్చీ మీంచి ఎత్తుకుని బయటికి పరిగెత్తాను. బాత్రూం తలుపుకి 'అతిథులకు మాత్రమే' అని కాగితం అంటించి ఉంది. తోసుకుని లోపలికెళ్లాం. సమయానికి అందుకున్నాం. వెంట్రుకవాసిలో తప్పింది.

బయటికొస్తే వరండాలో హెడ్మాస్టారు నిలబడి ఉన్నారు. పక్కన తాళంచెవితో అటెండరు.

"తడిపిందా?"

"లేదండి."

ఆయన ముఖంలో కనిపించింది సంతోషమో నిరాశో నాకు తెలియలేదు.

"సార్, దాని చీటీలు ఇప్పించండి."

"సాయంత్రం దాకా ఎగ్జిబిషన్ ఉంది కదమ్మా. అందరికీ అవగాహన రావద్దూ?"

ఇంతలో చెల్లి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది. మళ్లీ లాగింది. ఆయన ఒకడుగు వెనక్కేశారు.

"ఇప్పుడేమంటోంది?"

"నాకేం తెలుసండీ? మాటలన్నీ మీ దగ్గరే ఉన్నాయిగా."

అటెండరు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. హెడ్మాస్టారు తాళంచెవి లాక్కుని హాల్లోకి నడిచారు. పెద్దసారు చూస్తుండగానే బీరువా తెరిచి, స్వయంగా పిన్నులు పీకడం మొదలుపెట్టారు. నాలుగో పిన్ను వేల్లోకి కసుక్కున దిగింది. "అమ్మా!" అన్నారు. అదేమిటో, ఏ బొమ్మా చూపించకపోయినా అందరికీ వెంటనే అర్థమైంది.

మిగతా చీటీలు అటెండరు తీశాడు. చెల్లి వాటిని రింగుకి ఎక్కించుకుంటుంటే, హెడ్మాస్టారు వేలు నోట్లో పెట్టుకునే, "చెల్లిని రేపు కూడా ఈ చీటీలతోనే బడికి తీసుకురా" అన్నారు.