రాజక్కకు పోసిన నీళ్లు

దాహంతో ప్రాణం విడిచిన మనిషి, తనకు నీళ్లు పోసినవాళ్లనే ఎందుకు చంపుతుంది? కన్నెత్తి చూడకుండా హారన్ కొట్టి వెళ్లిపోయేవాళ్ల జోలికి ఎందుకు పోదు?

చంద్రపూర్ జిల్లాలో ఉప్పర్వాహి ఊరు దాటిన తరువాత, గుట్ట ఎక్కుడు ముగిసే చోట రోడ్డు పక్కన సిందూరం పూసిన ఒక రాయి ఉంది. దాన్ని గురించి సావిత్రి ఏడాదిపాటు కనిపించిన ప్రతివాళ్లనూ ఈ ప్రశ్న అడిగింది. లారీ డ్రైవర్లను అడిగింది, రాయికి సిందూరం పూసే ముసలాయనను అడిగింది, అన్నీ తెలుసని చెప్పుకునే తన అన్నలను అడిగింది. కొందరు తల తిప్పుకున్నారు. మరికొందరు, మొగుడు పోయిన దుఃఖంలో మతి చలించిందని ఆమె ఎదుటే జాలిపడ్డారు. జవాబు మాత్రం ఎవరి దగ్గరా దొరకలేదు.

ఆ రాయి పేరు రాజక్క. ఆ రోడ్డు వేసిన కాలంలో కంకర కొట్టడానికి వచ్చిన కూలి మనిషి ఆమె. ఎండలు ముదిరిన ఒక మధ్యాహ్నం గుక్కెడు నీళ్లు అడిగితే, డ్రమ్ములో ఉన్న నీళ్లు రోడ్డు రోలరుకని గుత్తేదారు మనిషి చెప్పాడట. రోలరు తాగింది, రాజక్క తాగలేదు. సాయంత్రానికి ఆమెను కంకర కుప్ప పక్కనే పడుకోబెట్టి పైన గోనెపట్టా కప్పారు. తోటి కూలీలు అక్కడ ఒక రాయి నిలిపారు. ఎన్నో ఏళ్లకు ప్రభుత్వం వారికి దయ కలిగి, అదే చోట చేతిపంపు వేయించారు.

అప్పటినుంచి డ్రైవర్లలో ఒక ఆచారం పాతుకుపోయింది. ఎక్కుడు ఎక్కి వగరుస్తున్న బండిని రాయి ముందు ఆపాలి. పంపు కొట్టి రెండు చెంబులు పట్టాలి. ఒకటి రాజక్కకు, ఒకటి ఇంజనుకు. ఇద్దరి దాహమూ ఒకేసారి తీర్చాలి, లేకుంటే ఆమె అలుగుతుంది. కాలిన ముఖాలతో చంద్రపూర్ ఆసుపత్రికి చేరిన డ్రైవర్లు చాలామందే ఉన్నారు. వాళ్లలో ప్రతి ఒక్కడి గురించీ లోకం ఒకే మాట చెప్పింది: రాజక్క తీసుకుంది.

నిరుడు మే నెలలో ఆమె తీసుకున్నది సావిత్రి భర్త దేవన్నను.

రాజురా దగ్గరి పల్లెలో వ్యవసాయం వదులుకుని చంద్రపూర్ చేరిన దేవన్న, వేలంలో ఒక పాత డీజిల్ బస్సు కొని దాన్ని ఇల్లు చేశాడు. లోపల పడుకోవడానికి నాలుగు బల్లలు, ముందు భాగంలో గ్యాస్ పొయ్యి, పైకప్పు మీద నీళ్ల ట్యాంకు. డ్రైవరు సీటుకూ వంటగదికీ మధ్య చెక్క గోడ, అందులో గ్లాసు పట్టేంత కిటికీ. ఊళ్లో అందరూ దాన్ని ఇంటిబండి అనేవారు. కుటుంబాలను ఎక్కించుకుని మాహుర్‌కు, బాసరకు, కాళేశ్వరానికి తిప్పేవాడు. సావిత్రి వెనుక వండేది. చాయ్ కావాలనుకున్నప్పుడు అతడు చెక్క గోడ మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టేవాడు. టక్, టక్. నోరు తెరిచి అడగడం ఆ మనిషికి అలవాటు లేదు.

ఆ రోజు ఏం జరిగిందో వంటగది కిటికీలోంచి సావిత్రి కళ్లారా చూసింది. దేవన్న మొదటి చెంబు రాయి మీద పోశాడు. తువ్వాలు చేతికి చుట్టుకున్నాడు. బండి ముందుకు వచ్చి రేడియేటరు మూత తిప్పాడు. ఆ తరువాత కనిపించింది తెల్లని ఆవిరి స్తంభం ఒక్కటే. అది విడిపోయేసరికి దేవన్న రాయి పాదాల దగ్గర మోకాళ్ల మీద ఉన్నాడు, దండం పెడుతున్నవాడిలా. ఆసుపత్రిలో వారం కూడా బతకలేదు. మొదటి చెంబులో నీళ్లు తక్కువ పట్టి ఉంటాడనీ, అందుకే ఆమెకు కోపం వచ్చిందనీ శవం లేవకముందే చుట్టాలు తేల్చేశారు. చనిపోయిన మగవాడిది తప్పు, అతడికంటే ముందు చనిపోయిన ఆడదానిది నేరం. ఇంత నిశ్చింతగా తీర్పు చెప్పగలిగినవాళ్లను చూసి సావిత్రికి ఏడుపు ఆగిపోయింది.

ఇంటిబండి పెరట్లో నిలిచింది. పాడుపడకుండా మరిది సమ్మన్న అప్పుడప్పుడూ ఇంజను నడిపి ఆపేవాడు. అలా ఆపిన మొదటిసారే ఆ చప్పుడు వినిపించింది. ఖాళీ బండిలో, చెక్క గోడ అవతలినుంచి. టక్, టక్.

అత్త గౌరమ్మ లోపలికి వెళ్లి చాయ్ కాచి తెచ్చి, ఆ చిన్న కిటికీలో గ్లాసు పెట్టింది. ఆ తరువాత అది ఇంటి నియమం అయిపోయింది. ఇంజను ఆగిన ప్రతిసారీ ముగ్గురూ బండి పక్కన నిలబడేవారు. చప్పుడు వచ్చేది. గౌరమ్మ చాయ్ పెట్టేది. చల్లారిన చాయ్‌ను సావిత్రి తులసి మొదట్లో పోసేది. దయ్యాలు లేవని సావిత్రికి తెలుసు. ఆ చప్పుడు కోసం తాను ఎదురుచూస్తున్నదనీ తెలుసు. ఈ రెండూ ఒకే మనిషికి ఎలా తెలిసి ఉంటాయని అడిగేవాళ్లు ఎవరినీ పోగొట్టుకోనివాళ్లు.

సంవత్సరీకం దగ్గరపడింది. బాసరలో గోదావరి ఒడ్డున జరిపించాలని గౌరమ్మ నిర్ణయించింది. ఇంటిబండిలోనే వెళ్లాలి, సమ్మన్న నడపాలి, రాజక్క దగ్గర ఆగి రెండు చెంబులూ పోయాలి. పెద్దోణ్ని తీసుకున్నది, చిన్నోణ్ని అడగకుండా తృప్తి చేయాలన్నది ఆమె వాదన. సమ్మన్న తల ఊపాడు. ఆ ఊపు అచ్చం దేవన్నది. స్టీరింగు మీద పడి ఉన్న చేతులూ దేవన్నవే. సావిత్రి ఆ చేతులను చూస్తూ ఉండిపోయింది.

మరునాడు పొయ్యి మీద కుక్కరు కూతపెట్టింది. సావిత్రి దాన్ని దించి, ఆవిరి పోయేదాకా ఆగింది. ఆగి, ఆగిన తన చేతిని తానే చూసుకుంది. ఉడుకుతున్న కుక్కరు మూత ఏ ఇల్లాలూ తీయదు. పక్కింటి కొత్త కోడలికి కూడా ఈ సంగతి తెలుసు. రేడియేటరు మూత అంతకంటే గట్టిగా బిగించిన కుక్కరు మూత. మరి మగవాళ్లు అందరూ కలిసి, ఒకే చోట, బండి అన్నిటికంటే మరిగి ఉన్న క్షణంలోనే దాన్ని తెరవడాన్ని భక్తి అంటున్నారు.

అయితే ఆ ఇంజను అంతగా ఎందుకు మరుగుతున్నది? ఊరి పక్కనే ఉన్న దుర్గాపూర్‌లో మెకానిక్ పోశం షెడ్డుకు సమ్మన్న చేత బండి తోలించి, తాను స్టూలు వేసుకుని కూర్చుంది. పోశం రేడియేటరు అడుగు గొట్టం విప్పితే ఎర్రటి తుప్పు నీళ్లు కారాయి. గొట్టం లోపల, స్నానాల నీళ్లు కాచే కాగు అడుగున పేరుకున్నట్టే, తెల్లని పొర వేలి మందాన గట్టిపడి ఉంది.

“ఇది ఇంజనా, సున్నపు బట్టీనా వదినా?” అన్నాడు పోశం, స్క్రూడ్రైవరుతో గీకుతూ.

సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే అక్కడికి రాలేదు. ఆ నేల అంతా సున్నపురాయి, ఆ పంపు నీళ్లలో కరిగి ఉన్నదీ అదే. రాజక్కకు ఒకటి పోసి, ఇంజనుకు పోసిన ప్రతి రెండో చెంబూ లోపల ఒక పొర వదిలింది. పొర మందమయ్యేకొద్దీ వేడి బయటికి పోయే దారి మూసుకుపోయింది. వేడి పెరిగేకొద్దీ ఇంజను ఇంకా నీళ్లు అడిగింది.

అప్పటికి విదేశీ సరుకులకు మార్కెట్లు తెరిచామని ఢిల్లీలో చాటి నాలుగైదేళ్లయింది. చంద్రపూర్ దుకాణాల్లో రేడియేటరులో నీళ్లకు బదులు పోసే కూలంట్ అనే రంగు ద్రవం డబ్బాల్లో వచ్చింది. డబ్బా మీద మంచు కొండల బొమ్మ ఉండటంతో ఊరు ఊరంతా దాన్ని చూసి నవ్వుకుంది.

“మన దగ్గర మంచు ఏడ పడ్తది వదినా? మే నెలల కాకులే రాలిపడ్తున్నయ్. చలి దేశపోళ్ల మందు మనకెందుకు?” అని పోశం కూడా నవ్వాడు.

గడ్డకట్టకుండా ఆపడం దాని పనుల్లో ఒకటి మాత్రమేననీ, మరిగే హద్దును పెంచడం, ఇనుమును తుప్పు తినకుండా కాయడం మిగతావనీ డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో రాసి ఉంది. సావిత్రి చదివి వినిపించింది. అయినా అచ్చు వేసిన మాటను అచ్చు వేసినందుకే నమ్మే మనిషి కాదు ఆమె. బజారులో అమ్ముతున్న పచ్చని ద్రవాల్లో సగం రంగు కలిపిన నీళ్లేనని ఆమెకు అనుమానం. ఇంటి కిటికీలో మూడు గాజు సీసాలు పెట్టి, ఒక్కో దాంట్లో ఒక్కో మేకు వేసింది. పంపు నీళ్లలోని మేకు మొదట ఎర్రబారింది. బజారులో విడిగా కొన్న పచ్చ నీళ్లలోని మేకు దాని వెనుకే నడిచింది. డీజిల్ ఇంజన్లకని రాసి ఉన్న సీలు డబ్బాలోని ద్రవంలో మేకు కొన్ననాటిలాగే మెరుస్తూ ఉంది. ఇక ఎంచుకోవడానికి ఏమీ మిగలలేదు.

కడగడానికి సిద్ధమైన పోశం ఒక క్షణం ఆగాడు.

“ఇంకో మాట వదినా. బండి ఆపినంక టక్ టక్ అంటదని సమ్మన్న చెప్పిండు. అది గీ సున్నం పనే. పొర సందుల నీళ్లు చిక్కి ఉడుకుతయ్, గా బుడగలు పగిలే చప్పుడు. కడిగితే పోతది.”

షెడ్డులో సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. సావిత్రి ఆ తెల్లని పొరను వేలితో తడిమింది. ఏడాదిగా తన భర్త ఈ లోకంలో మిగిలి ఉన్నది ఆ పొర సందుల్లోనే.

“కడుగు,” అంది.

పొర కరిగేదాకా కడిగించింది. గొట్టాలు మార్పించింది. లోపలి రబ్బరు వాషరు అరిగిన పాత మూత పారేయించి కొత్తది వేయించింది. కూలంట్‌లో పంపు నీళ్లు ఒక్క చుక్క కలవనివ్వకుండా, బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్లు సగానికి సగం కలిపించింది. రంగు మారితే మొత్తం తీసి మార్చాలనీ, ఒక రంగు దాంట్లో ఇంకో రంగుది కలపకూడదనీ, మట్టం చూడాలంటే ఇంజను చల్లగా ఉన్న ఉదయం పూట చూడాలనీ సమ్మన్న చేత పాఠంలా చెప్పించింది.

పెరట్లో ఇంజను నడిపి ఆపారు. ముగ్గురూ నిలబడ్డారు. గౌరమ్మ చేతిలో గ్లాసు ఉంది.

ఏ చప్పుడూ రాలేదు.

చాయ్ మీద మీగడ కట్టింది. గౌరమ్మ గ్లాసు దించకుండానే కోడలి ముఖంలోకి చూసింది.

“నా కొడుకును ఎల్లగొట్టినవ్,” అంది నెమ్మదిగా.

సావిత్రి ఆ గ్లాసు అందుకుని చాయ్‌ను తులసి మొదట్లో పోసింది. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

బాసర ప్రయాణం రోజున ఎక్కుడు పొడుగునా ఇంజను వేడి చూపే ముల్లు మధ్యలోనే నిలబడింది. అయినా రాయి ముందుకు రాగానే సమ్మన్న బండి ఆపాడు. తల్లి చూపు వీపు మీద ఉంది. దిగాడు, పంపు కొట్టి రెండు చెంబులూ నింపాడు. అతడి చెయ్యి తనంతట తానే భుజం మీది తువ్వాలును చుట్టుకుంది. సావిత్రి వంటగది తలుపు దిగి వచ్చి, అతడికీ బండికీ మధ్య నిలబడింది.

“జరుగు వదినా. అవ్వ చూస్తున్నది.”

“చూడనియ్యి. నేను నిరుడు చూసిన. గిదే జాగల, గిదే తువ్వాలు.”

“మరి ఆమెకు కోపమొస్తే?” గౌరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది. “ఈడు గూడ పోతే నేనేం గావాలె?”

“అత్తా, నీళ్లడిగితే రోలర్‌కున్నయని చెప్పి సంపిండ్రు ఆమెను. ఇయ్యాల్టికీ ఆమె ముందల నిలవడి ఇంజనుకు పోస్తున్నం. కోపం రాదా?”

సావిత్రి సమ్మన్న చేతిలోంచి రెండు చెంబులూ తీసుకుంది. ఒకదాని తరువాత ఒకటి, చివరి చుక్కదాకా రాయి మీద పోసింది. సిందూరం కరిగి ఎర్రగా కారింది. వేడెక్కిన రాయి నీళ్లను చప్పున పీల్చేసింది, ఎన్నేళ్లుగానో సగమే దొరికినట్టు. ఆవిరి వాసన లేచింది. దూరంగా సిమెంటు లారీ ఒకటి హారన్ కొట్టి ఆగకుండా పోయింది. ఆపిన ఇంజను ఊరుకుని ఉంది. చెక్క గోడ ఊరుకుని ఉంది. గౌరమ్మ తానే దిగి వచ్చి, పంపు కొట్టి, మూడో చెంబు పోసింది. ఎవరి వైపూ చూడలేదు.

బండి కదిలింది. సావిత్రి వంటగదిలో చెక్క గోడకు వీపు ఆనించి కూర్చుంది. అవతల ఎవరూ లేని గోడలా అది చల్లగా తగిలింది. కోర్పనా ఊరు దాటాక, వీపు కింద టక్, టక్.

ఆమె గోడ వైపు తిరిగింది. మళ్లీ, టక్, టక్. చిన్న కిటికీలోంచి సమ్మన్న గొంతు, సిగ్గుపడుతూ: “వదినా, జర చాయ్ ఇస్తవా?”

కాలని ముఖం. కాలని చెయ్యి. సావిత్రి గ్లాసు అందించింది, అది ఖాళీగా తిరిగి వచ్చింది. ఏడాదిలో ఆ కిటికీలోంచి ఖాళీగా తిరిగి వచ్చిన మొదటి గ్లాసు అది. దాన్ని కడగకుండా ఒళ్లో పెట్టుకుని, బాసర వచ్చేదాకా ఆమె ఆ గోడను వింటూనే ఉంది.

ఆ దారిన మీరు వెళితే ఆగండి. రెండు చెంబులూ ఆమెకే పోయండి. చల్లారని ఇంజను మూత మీద చెయ్యి వెయ్యకండి. ఆ తరువాత ఆ రాయి ముందు నిలబడి, మీ నోటితో, పక్కవాళ్లకు వినపడేలా చెప్పండి: రాజక్క ఎవరినీ చంపలేదు.