ఆఖరి పావుగంట

నేను ఒక హాకీ స్టిక్‌ను. మల్బరీ చెక్క నాది. హిందూపురం వైపు పట్టుపురుగులకు ఆకు కోసి వేస్తారే, ఆ జాతి చెట్టే. కాకపోతే నేను తయారైంది జలంధర్‌లో. అక్కడి కార్ఖానాలో నా కొసను ఆవిరిపట్టి వంచారు. తర్వాత ఒక ముసలాయన నన్ను చెవి దగ్గర పెట్టుకుని, వేలితో కొట్టి విన్నాడు. మోత నచ్చకపోతే కుప్పలోకి విసిరేస్తాడు. ఆయన తల ఊపేదాకా నా ప్రాణం నాలో లేదు. ఆనాడు పట్టుకున్న బెంగ ఇప్పటికీ వదల్లేదు.

పదకొండేళ్ల కిందట గుంతకల్లు ఆడవాళ్ల జట్టుకు వచ్చాను. కట్టలోంచి నన్ను ఏరుకున్నది ఫిలోమినా. రైల్వే కాలనీలో పెరిగిన మనిషి, బడిలో పీటీ టీచరు. ఆమె డిఫెన్సు. అంటే గోల్‌కీపరుకు ముందు నిలబడి, మీదికొచ్చే బంతిని ఆపడం ఆమె పని. ఎనిమిదేళ్లు ఆమె అరచేతుల చెమటలో నానాను. మనుషులు గెలిస్తే కప్పును ముద్దుపెట్టుకుంటారు, ఓడితే మాత్రం మమ్మల్ని నేలకేసి కొడతారు. ఫిలోమినా ఒక్కసారీ అలా కొట్టలేదు.

ఆమెకు ముప్పైనాలుగేళ్లు వచ్చిన ఏడు మేం రాష్ట్ర చాంపియన్‌షిప్ ఫైనలుకు చేరాం. అంతకు ముందు ఏడూ చేరి ఓడిపోయాం. అప్పుడు జట్టులో దాదాపు అందరూ ముప్పై దాటినవాళ్లే. ఎదుటి పిల్లల పరుగు ముందు చివరి పది నిమిషాల్లో మావాళ్ల కాళ్లు లేవలేదు. అందుకని కోచ్ ఎర్రిస్వామి ఈసారి ఆరుగురు కొత్తపిల్లల్ని తెచ్చాడు. వాళ్లలో షాహిదా ఒకతె. పత్తికొండ పిల్ల, పద్దెనిమిదేళ్లు. ఆమెదీ డిఫెన్సే. పరుగు చూస్తే ముచ్చటేసేది. కానీ ఒక గోల్ పడిందంటే తల వాల్చేసేది, ఇక ఏ బంతీ కనపడేది కాదు. సెమీఫైనల్లో అలా మూడు నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చింది. ఎలాగో గట్టెక్కాం.

ఇంకో సంగతి నాకొక్కదానికే తెలుసనుకున్నాను. ఫిలోమినా కుడి మోకాలు పాడైంది. ఎవరూ చూడనప్పుడు మెట్లు దిగుతూ నా మీద బరువు వేసేది. "చెప్తే తీసేస్తారు" అని గొణుక్కునేది. చెప్పకపోతే మైదానంలో ఏమవుతుందోనని నాకు గుబులు. కర్రను, నేనెవరికి చెప్పను?

ఫైనలు రోజు పొద్దున ఎర్రిస్వామి కాగితం, పెన్సిలు పట్టుకుని ఆమె పక్కన వచ్చి కూర్చున్నాడు.

"పేర్లు రాయల్ల ఫిలోమినా. నిజం చెప్పు. నీ మోకాలు ఎంతసేపు నిలుస్తాది?"

ఆమె వేళ్లు నన్ను బిగించాయి. "మోకాలికేముంది సార్?"

"మెట్ల కాడ చూసినానమ్మా. నాలుగు దినాల నుంచి చూస్తాండా."

ఆమె మోకాలి మీద చెయ్యి వేసుకుంది. "పావుగంట" అంది. "అంతకు మించి నిలవదు సార్."

అయిపోయింది, పేరు కొట్టేస్తాడు అనుకున్నాను. ఆయన పెన్సిలు కదపలేదు.

"ఏ పావుగంట?" అన్నాడు. "ఆటలో నాలుగు ఉండాయి కదా. నీది ఎప్పుడు వాడుకోవల్లో నువ్వే చెప్పు."

"ఆఖరిది" అంది వెంటనే. ఆ తర్వాత మొహం మారింది. "అందాకా ఆ పిల్ల తట్టుకుంటాదా సార్?"

"నాకూ అదే భయం" అన్నాడు.

ఆట మొదలైంది. మేం బయట బెంచీ మీద. సగం ఆటకల్లా మా పిల్లలు రెండు గోల్స్ కొట్టారు. మూడో పావుగంటలో ఎదుటివాళ్లు ఒకటి కొట్టారు. నేను భయపడ్డట్టే షాహిదా తల వాలిపోయింది. బంతి వదిలేసి బెంచీ వైపు చూడసాగింది.

ఫిలోమినా లేచింది. "సార్, నన్ను పంపండి."

"కూచో."

మరో బంతి గోల్ కంబానికి తగిలి బయటికి పోయింది.

"సార్!"

"ఇప్పుడు పోతే ఆఖర్లో నువ్వుండవు" అన్నాడు. గొంతు గట్టిగానే ఉంది గానీ చేతిలో కాగితం నలిగి ఉండైపోయింది. అంతలో రెండో గోల్ కూడా పడింది. లెక్క సమమైంది. ఆ క్షణం ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండింది.

ఆఖరి పావుగంటకు ఆయన షాహిదాను బయటికి పిలవబోయాడు. ఫిలోమినా అడ్డుపడింది. "ఆ పిల్లను తీయొద్దు సార్. ఇప్పుడు తీస్తే మళ్లీ తలెత్తదు. ఇంకెవరినైనా తీయండి. కాళ్లు ఆ పిల్లవి, నోరు నాది."

లోపలికి వెళ్లాక నేను బంతిని తాకింది నాలుగుసార్లే. అంతా ఆమె అరుపే. "షాహిదా, కుడికి! తొందరపడొద్దు మే... ఆగు... ఇప్పుడు పో!" షాహిదా ఒక్క ఉదుటున బంతి లాక్కుని ముందుకు అందించింది. మావాళ్లు మూడోది కొట్టేశారు.

ఇంకా నాలుగు నిమిషాలుంది. ఎదుటి జట్టు అమ్మాయి ఒకతె నేరుగా మా మీదికే వచ్చి, చివరి అడుగులో ఎడమకు తిప్పింది. ఫిలోమినా కూడా తిరిగింది. మోకాలి లోపల ఏదో తెగిన చప్పుడు నాకు పిడిదాకా వినిపించింది. ఆమె బోర్లా పడింది, నేను జారిపోయాను. కేకవేసే మనిషి లేదు. గోల్ ముందు కీపరు ఒక్కతే మిగిలింది.

షాహిదా ఎవరూ పిలవకుండానే అడ్డంగా పరిగెత్తుకొచ్చి బంతిని ఆపింది. ఆపి, కంగారుగా బాదెయ్యలేదు. ఒక్క క్షణం నిలబడి, తలెత్తి, దూరంగా ఖాళీగా ఉన్న తనవాళ్లను చూసి బంతి పంపింది.

మూడు రెండుతో గెలిచాం.

స్ట్రెచర్ మీదినుంచి ఫిలోమినా నన్ను షాహిదా చేతికిచ్చింది. "నీ దానికన్నా బరువు. అలవాటు చేసుకో."

"మీరు మళ్లీ వస్తారు కదక్కా?" షాహిదా ఏడుస్తోంది.

"ఏమో మే" అంది ఫిలోమినా. ఆపరేషన్ అయింది గానీ, ఆటకు తిరిగి రాలేదు. ఎర్రిస్వామి పక్కన బెంచీ మీదికి చేరింది.

మూడేళ్లు షాహిదాతో ఆడాను. మొన్న వానాకాలం ప్రాక్టీసులో నిలువునా చీలాను. ఇప్పుడు సామాన్ల గదిలో, చిరిగిన వలల మధ్య ఉన్నాను. నిన్న ఫిలోమినా, ఎర్రిస్వామి ఇదే గదిలో నిలబడి జట్టు కాగితంలో చివరి పేరు గురించి వాదులాడుకున్నారు. ముప్పైమూడేళ్ల మనిషినా, పదహారేళ్ల పిల్లనా? తేలకుండానే బయటికి నడిచారు. ఈ పొద్దున ప్యాసింజరు బండికి అందరూ ఈ ఏటి ఫైనలుకు పోయారు. ఎవరిని తీసుకుపోయారో నాకు తెలీదు. ఈపాటికి ఆట మొదలై ఉంటుంది.

వాళ్లొచ్చి తాళం ఎప్పుడు తీస్తారా అని నేను ఇక్కడ తలుపు వైపే చూస్తున్నాను.